పులి ఆగుతుంది, బాస్ ఆగడు

మా హాస్టల్ రూంలో ఒక గొడవ సెకండ్ ఇయర్ మొదలైనప్పటి నుంచీ నడుస్తోంది. మెస్‌లో పప్పు గురించి కాదు, దాని మీద అందరిదీ ఒకటే అభిప్రాయం. గొడవ ఆర్‌పీజీ గేముల్లో ఫైట్ ఎలా ఉండాలని. నువ్వొక దెబ్బ, తర్వాత వాడొక దెబ్బ, ఇలా వంతుల వారీగా ఉండాలా? లేకపోతే అంతా ఒకేసారి జరుగుతూ, ఎవరి చెయ్యి ఫాస్ట్ అయితే వాడు గెలిచేలా ఉండాలా? మా రూమ్మేట్‌ది రెండో పార్టీ. "టర్న్ బేస్డ్ అంటే ఏంది మామా, క్యూలో నిలబడి చెంపదెబ్బలు తినడమా?" అంటాడు. నేను మొదటి పార్టీ. కానీ ఆ డైలాగ్‌కి చాలా రోజులు నా దగ్గర సమాధానం లేదు. పైగా నవ్వొచ్చేది. ఇప్పుడు కొంచెం ఉంది, అందుకే రాస్తున్నా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, కాబట్టి వాక్యాలు ఎక్కడైనా వంకర పోతే సర్దుకోండి.

ముందు నా పక్షపాతం చెప్పేస్తా. మాది సున్నిపెంట. శ్రీశైలం డ్యామ్ కట్టడానికి వచ్చినవాళ్లతో పెరిగిన ఊరు, చుట్టూ నల్లమల. మా ఇంట్లో సిగ్నల్ కావాలంటే మేడ మెట్ల మీద కూర్చోవాలి, అదీ పైనుంచి మూడో మెట్టు. 2020లో గెన్‌షిన్ ఇంపాక్ట్ వచ్చినప్పుడు నా చేతిలో ఉన్నది అమ్మ వాడి వదిలేసిన ఫోన్. రెండు రాత్రులు ఆ మెట్టు మీద ఫోన్ పెట్టి డౌన్‌లోడ్ చేశా. తెరిస్తే సెకనుకి 15 ఫ్రేములు వచ్చాయి, అదీ ఎండ లేనప్పుడు. లెక్క చూడండి. సెకనుకి 60 ఫ్రేములు వచ్చే ఫోన్లో ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య దాదాపు 17 మిల్లీసెకన్లు. నా ఫోన్లో 67. బాస్ చెయ్యి ఎత్తడం ఒక ఫ్రేములో కనిపించేది, నేను తప్పుకునేలోపు నేల మీద ఉండేవాణ్ణి. నేను ఓడిపోయింది నా తప్పు వల్లనో ఫోన్ వల్లనో ఎప్పుడూ తేలేది కాదు.

2023లో అదే కంపెనీ హొంకాయ్ స్టార్ రెయిల్ తెచ్చింది. అది టర్న్ బేస్డ్. అదే ఫోను, అవే నత్తనడక ఫ్రేములు. కానీ గెలిచా! ఎందుకంటే బాస్ ఆగాడు. నేను స్క్రీన్ మీద వేలు పెట్టేదాకా, ఫోన్ ఆవలించి మళ్లీ లేచేదాకా, అమ్మ పిలిస్తే వెళ్లి పాలు తెచ్చేదాకా ఆగాడు. ఓడినప్పుడు కూడా ఆ ఓటమి పూర్తిగా నాదే. టర్న్ బేస్డ్ మీద నా ప్రేమలో సగం పాత ఫోన్ పెట్టిన ప్రేమ, ఒప్పుకుంటా.

సరే, మన బ్రాంచ్ విషయానికి వద్దాం. ఈ రెండు రకాలకీ కోడ్‌లో తేడా ఎక్కడుంది? చాలా మంది స్పీడ్‌లో ఉందనుకుంటారు. నాకైతే ఒక్క ప్రశ్నలో ఉందనిపిస్తుంది: ప్లేయర్ ఏమీ చేయకపోతే ఏమవుతుంది?

రియల్ టైమ్ గేమ్ ఒక లూప్. ఏ బటన్ నొక్కారో చూడు, గడిచిన టైమ్‌ని బట్టి ప్రపంచాన్ని కొంచెం ముందుకు జరుపు, బొమ్మ గీయి, మళ్లీ మొదటికి రా. నువ్వు ఏ బటనూ నొక్కలేదా? పర్లేదు, 'ఏమీ నొక్కలేదు' అన్నది కూడా దానికి ఒక ఇన్‌పుట్టే. నీ మౌనాన్ని నీ నిర్ణయం కింద రాసేసుకుని ముందుకు పోతుంది. టర్న్ బేస్డ్‌లో కూడా ఆ లూప్ తిరుగుతూనే ఉంటుంది, లేకపోతే స్క్రీన్ మీద హీరో జుట్టు గాలికి ఊగదు. కానీ యుద్ధం వరకు ఒక స్టేట్‌లో నిలబడిపోతుంది: ప్లేయర్ కోసం వెయిటింగ్. నీ మౌనానికి అక్కడ ఏ అర్థమూ లేదు, అది ఉత్త మౌనం.

అలాగని టర్న్ బేస్డ్‌లో టైమ్ లేదనుకోవద్దు. స్టార్ రెయిల్‌లో ప్రతి పాత్రకీ స్పీడ్ ఉంటుంది. 10000ని ఆ స్పీడ్‌తో భాగిస్తే తన వంతు ఎంత దూరంలో ఉందో వస్తుంది. స్పీడ్ 100 ఉన్న శత్రువు వంతు 100 దగ్గర, 200 దగ్గర వస్తుంది. 160 ఉన్న నా పాత్ర వంతు 62.5 దగ్గర, 125 దగ్గర, 187.5 దగ్గర. అంటే వాడు రెండోసారి కొట్టేలోపు నేను మూడుసార్లు కొడతా. ఎవరి నంబర్ తక్కువో వాళ్లని ముందు పిలవడం. డేటా స్ట్రక్చర్స్ క్లాసులో నిద్రపోనివాళ్లకి గుర్తొచ్చే ఉంటుంది, ఇది ప్రయారిటీ క్యూ. నేను నిద్రపోయా, గేమ్ ఆడాక అర్థమైంది. ఇక్కడ టైమ్ ఉంది, గడియారమే లేదు. 62.5 నుంచి 100కి పోవడానికి అరసెకను పట్టొచ్చు, అరగంట కూడా పట్టొచ్చు. మా రూమ్మేట్ క్యూ అని వెక్కిరిస్తాడు కదా, క్యూ అన్నమాట నిజమే. కాకపోతే ఆ క్యూలో ఎవరు ముందు నిలబడాలో నేనే మార్చగలను, అదే ఆట.

ఈ వంతుల పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందంటే బల్ల చుట్టూ కూర్చుని ఆడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ నుంచి. అది 1974 నాటి ఆట. పాచికలు వేసి, కాగితం మీద పాయింట్లు రాసుకుని ఆడేవాళ్లు. అందరూ ఒకేసారి 'నేను కొట్టా, నేను కొట్టా' అని అరిస్తే ఆట సాగదు కాబట్టి వంతులు. విజార్డ్రీ, డ్రాగన్ క్వెస్ట్, మొదటి ఫైనల్ ఫాంటసీ, అన్నీ ఆ దారిలోనే వచ్చాయి. 1991లో ఫైనల్ ఫాంటసీ 4 ఒక మెలిక పెట్టింది. ప్రతి పాత్రకీ కనిపించని ఒక గీత నిండుతూ ఉంటుంది, నిండినవాడికే వంతు. నువ్వు ఆలోచిస్తూ కూర్చుంటే శత్రువు గీత కూడా నిండుతుంది. దీన్ని తయారుచేసిన హిరోయుకి ఇతోకి ఈ ఐడియా ఫార్ములా వన్ రేసు చూస్తుంటే వచ్చిందట, ఒక్కో కారు ఒక్కో స్పీడ్‌లో పోతుంటే. 1998లో బాల్డర్స్ గేట్ ఇంకో మెలిక పెట్టింది. ఆరు సెకన్ల రౌండ్లు వాటంతట అవే నడుస్తుంటాయి, కానీ స్పేస్ బార్ నొక్కితే ప్రపంచం గడ్డకట్టేస్తుంది. అప్పుడు తీరిగ్గా ఆర్డర్లు ఇచ్చి మళ్లీ వదలొచ్చు.

నాకు బాగా నచ్చే కథ డయాబ్లోది. దాన్ని మొదలుపెట్టినప్పుడు టర్న్ బేస్డ్ గేమ్‌గానే మొదలుపెట్టారు. రియల్ టైమ్ చేద్దామని అందరూ అంటుంటే, ప్రోగ్రామర్ డేవిడ్ బ్రెవిక్ వద్దన్నాడు. ఓటింగ్‌లో ఓడిపోయాడు. సరే అని ఒక శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని కొన్ని గంటల్లో మార్చేశాడు. ఒక అస్థిపంజరం మీద క్లిక్ చేశాడు, హీరో నడుచుకుంటూ పోయి దాన్ని పగలగొట్టాడు. బ్రెవిక్ అక్కడికక్కడే పార్టీ మార్చేశాడు. నెలల తరబడి వాదించుకున్న తేడా కోడ్‌లో ఒక పూట పని. ఈ కథ చదివాకే నాకు ఒక వెధవ ఆలోచన వచ్చింది.

మా మినీ ప్రాజెక్ట్‌కి పులి-మేక చేద్దామనుకున్నా, కాకపోతే రియల్ టైమ్‌లో, ఆర్‌పీజీ లాగా. పులికి హెచ్‌పీ, మేకకి లెవెల్.

ఆట తెలియనివాళ్లకి: కొండ ఆకారంలో ఒక త్రికోణం, దాన్ని కోసే గీతలు, గీతలు కలిసే చోట్లు 23. మూడు పులులు, పదిహేను మేకలు. పాత గుళ్ల మండపాల్లో రాతినేల మీద చెక్కిన గీతలు చూసే ఉంటారు, అవే. మేకలు వంతుకొకటి చొప్పున దిగుతాయి. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పక్కనున్న మేక మీదుగా ఖాళీలోకి దూకితే పులి దాన్ని తిన్నట్టు. మేకలు ఎవరినీ తినవు, పులులు కదలకుండా చుట్టుముట్టడమే వాటి గెలుపు. మా ఇంట్లో వరండా బండ మీద బొగ్గుతో గీసుకుని ఆడేవాళ్లం. మేకలకి చింతగింజలు, పులులకి గులకరాళ్లు. నాకు నేర్పింది తాత.

తాత ప్రాజెక్టులో పనిచేసి రిటైరయ్యాడు. మూడేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చాలావరకు పడిపోయింది, మాట కూడా కొంచెం నిదానం. ఎడంచేత్తో చింతగింజ తీసి పెట్టడానికి టైమ్ పడుతుంది, కానీ ఎక్కడ పెట్టాలో ఆలోచించడానికి పట్టదు. ఇప్పటికీ మేకలతో నన్ను ఓడిస్తాడు.

సంక్రాంతి సెలవుల్లో లాప్‌టాప్ తీసుకుపోయి నా గేమ్ చూపించా. ఎవరైనా ఎప్పుడైనా కదలొచ్చు, ఒకసారి కదిలాక పులికి మూడు సెకన్లు, మేకకి ఒక సెకను ఆగాలి. మేకకి న్యాయం చేశాననే అనుకున్నా. తాత ఎడంచెయ్యి మౌస్ దగ్గరికి వెళ్లేలోపు నా పులి మూడు మేకల్ని తినేసింది. ఆయన మౌస్ వదిలేసి స్క్రీన్ వైపు కాసేపు చూశాడు.

"నేను చూసేలోపలే అయిపాయె కదరా."

"మళ్లీ పెడతా తాతా, స్పీడ్ తగ్గిస్తా."

"తగ్గించేదేంది? పులి నా కోసం ఆగల్ల. ఆగకపోతే అది అడవి, ఆట యాడ అయితాది?"

ఆయన కోపంగా అనలేదు. అవ్వ టీ తెస్తే తాగుతూ వేరే మాటల్లో పడిపోయాడు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాత ఫోన్ పట్టుకుని నేను తిట్టుకున్న బాస్‌ని నేనే తయారుచేసి మా తాత మీదికి వదిలా.

తర్వాత రోజు టైమర్లు తీసేసి, వంతు ఎవరిదో చూసే ఒక్క కండిషన్ పెట్టా. బ్రెవిక్ చేసింది తిరగేసి చేయడమే, నాకు మాత్రం ఒక పూట కాదు, రెండు రోజులు పట్టింది. అప్పుడు ఒకటి గమనించా. రియల్ టైమ్ వెర్షన్‌లో మేకల పక్షాన ఆడేటప్పుడు నేను ఒక గోడ కట్టుకుని, ఇంక ఏమీ కదపకుండా కూర్చునేవాణ్ణి. గెలవను కానీ ఓడను. వంతులు పెట్టగానే ఆ గోడ నిలవలేదు. పదిహేను మేకలూ దిగాక నీ వంతు వస్తే కదపాల్సిందే, 'ఈసారి వద్దులే' అనడానికి లేదు. చక్కగా ఉన్న గోడలోంచి ఒక ఇటుక నీ చేత్తో నువ్వే లాగాలి. చెస్ వాళ్లు దీన్నే జుగ్‌జ్వాంగ్ అంటారు. అంటే వంతుల ఆటలో ఒత్తిడి లేదనేది తప్పు. ఎంతసేపైనా ఆగొచ్చు, తప్పించుకోవడం మాత్రం కుదరదు. ఇదే చెంపదెబ్బల డైలాగ్‌కి నా సమాధానం. రూమ్మేట్ విని "అయితే భయమెక్కడుంది?" అన్నాడు.

అది మాత్రం వాడి పాయింటే. చెయ్యి చెమట పట్టే భయం వంతుల ఆటలో రాదు. ఇది వాడి కంటే తాతే బాగా చెప్పగలడు. 2009 అక్టోబర్ వరద టైమ్‌లో ఆయన డ్యూటీలో ఉన్నాడు, నాకప్పుడు మూడేళ్లు. డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులు, నీళ్లు 896 దాటాయి. పన్నెండు గేట్లూ ఎత్తినా వచ్చే వరద పోయే నీళ్లకంటే ఎక్కువ. "నీ వంతు, నా వంతు అని నీళ్లు చూస్తాయా" అంటాడు తాత. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన మాట కొంచెం ఫాస్ట్ అవుతుంది, నేను చూశా. మంచి రియల్ టైమ్ గేమ్ ఇచ్చేది అందులో చిన్న ముక్క. పనిలో అది చూసినవాడు సాయంత్రం వరండాలో కూర్చుని చింతగింజలే ఎందుకు కావాలనుకున్నాడో కూడా నాకిప్పుడు కొంచెం అర్థమవుతోంది.

ఈ గొడవలో మార్కెట్ ఎవరి పక్షమూ తీసుకోలేదు. 2023లో ఫైనల్ ఫాంటసీ 16 పూర్తిగా యాక్షన్‌లోకి వెళ్లిపోయింది. అదే ఏడాది బాల్డర్స్ గేట్ 3 తన పాత స్పేస్ బార్ పద్ధతిని కూడా వదిలేసి పూర్తి వంతులకి వచ్చి గేమ్ ఆఫ్ ది ఇయర్ కొట్టింది. 2025లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఎక్స్‌పెడిషన్ 33లో నీ వంతులో ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు, శత్రువు వంతులో మాత్రం సరిగ్గా దెబ్బ పడే క్షణానికి బటన్ నొక్కి తప్పుకోవాలి. మా రూంలో ఇద్దరం ఒకే కంట్రోలర్‌తో ఆడిన గేమ్ అదొక్కటే. వంతులు నావి, తప్పుకోవడాలు వాడివి. తాతకి ఇవ్వాలంటే ఆ సగం పనికిరాదు, అందుకే నా గేమ్‌లో అలాంటిది పెట్టలేదు. పెడితే మార్కులు ఎక్కువ వచ్చేవని గైడ్ అన్నారు. నిజమే అయ్యుండొచ్చు.

ఇప్పుడు లాప్‌టాప్ నా దగ్గర, బండ మీద బొగ్గు గీతలు తాత దగ్గర ఉన్నాయి. 23 చోట్లకీ నంబర్లు వేసుకున్నాం. రాత్రి భోజనాలయ్యాక అవ్వ ఫోన్ చేసి "పద్నాలుగు నుంచి పద్దెనిమిదికంట" అంటుంది, అంతే, పెట్టేస్తుంది. నేను అటు పెట్టి చూసుకుంటా. ప్రస్తుతం నా పులులు రెండు ఇరుక్కుపోయాయి, మూడోదానికి ఒకటే దారి ఉంది. అది కూడా తాత కావాలని వదిలినట్టే ఉంది. నా వంతు వచ్చి నాలుగు రోజులైంది. ఇంటర్నల్స్ అయ్యాక చెప్తానన్నా.