రైలు బోగీ కింద బతికే ట్యాంకు

రైలు మరుగుదొడ్డిలో నీళ్లు పోస్తే కిందికి జారేదంతా ఒకప్పుడు నేరుగా పట్టాల మీదే పడేది. బండి స్టేషన్‌లో ఆగి ఉన్నప్పుడు మరుగుదొడ్డి వాడవద్దని లోపల రాసి ఉండేది అందుకే. ఆ సూచనను ఎంతమంది పాటించేవారో ప్లాట్‌ఫారం అంచున నిలబడితే ముక్కుకే తెలిసిపోయేది. ఇప్పుడు బోగీ అడుగున ఒక్కో మరుగుదొడ్డి కింద ఒక్కో స్టీలు ట్యాంకు బిగించి ఉంటుంది. దేశంలోని ప్రయాణికుల బోగీలకు ఇలాంటివి రెండున్నర లక్షలకు పైగా అమర్చారు. పేరు బయో టాయిలెట్. అమర్చడం ఒకసారితో అయిపోయే పని. దాన్ని బతికించుకోవడం రోజూ చేయాల్సిన పని. చిక్కంతా అక్కడే ఉంది.

బతికించుకోవడం అన్నది ఊరికే వాడిన మాట కాదు. ఆ ట్యాంకు చెత్త నిలవ చేసే డబ్బా కాదు, లోపల కోటానుకోట్ల సూక్ష్మజీవులు పనిచేస్తూ ఉంటాయి. అవి బాగుంటేనే ట్యాంకు బాగుంటుంది. అవి చచ్చిపోతే మిగిలేది ఊగుతూ పరుగెత్తే మురికి తొట్టి.

పాత పద్ధతిని మార్చడానికి దుర్వాసన ఒక్కటే కారణం కాదు. మలమూత్రాల్లోని లవణాలు, తేమ కలిసి పట్టాలను, వాటిని బిగించి ఉంచే క్లిప్పులను తుప్పు పట్టిస్తాయి. రైల్వే భద్రతపై అణు శాస్త్రవేత్త అనిల్ కకోద్కర్ నాయకత్వంలోని కమిటీ 2012లో ఇచ్చిన నివేదిక ఈ తుప్పును భద్రతా సమస్యగానే చూసింది. పట్టాలపైకి నేరుగా వదిలే మరుగుదొడ్లను మార్చమని సిఫార్సు చేసింది. అంతకంటే పెద్ద కారణం మనుషులు. పట్టాల మధ్య పడిన మలాన్ని చీపుళ్లతో, పారలతో ఎత్తిపోసినవారు పారిశుద్ధ్య కార్మికులే. చేతులతో మలాన్ని ఎత్తే పనిని నిషేధించిన 2013 నాటి చట్టం ఆ పనికి ఇచ్చిన నిర్వచనంలో రైలు పట్టాలను కూడా చేర్చింది.

ఈ ట్యాంకు పుట్టింది రైళ్ల కోసం కాదు, సైనికుల కోసం. మంచు ప్రాంతాల్లోని శిబిరాల్లో మలం కుళ్లదు, గడ్డకట్టి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన గ్వాలియర్, తేజ్‌పూర్ ప్రయోగశాలలు చలిలోనూ పనిచేసే బ్యాక్టీరియా మిశ్రమాన్ని తయారుచేశాయి. తర్వాత రైల్వేతో ఒప్పందం కుదిరింది. 2011 జనవరిలో గ్వాలియర్ నుంచి వారణాసి వెళ్లే బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో వీటిని తొలిసారి అమర్చారు. 2016 జూలైలో రామేశ్వరం నుంచి మానామదురై దాకా 114 కిలోమీటర్ల మార్గాన్ని దేశంలో మొదటి హరిత రైలు మార్గంగా ప్రకటించారు. అంటే ఆ దారిలో నడిచే బండ్లు మలాన్ని పట్టాలపై వదలవు.

లోపల ఏం జరుగుతుంది?

పల్లెల్లో గోబర్ గ్యాస్ తొట్టి చూసినవారికి ఇది కొత్త కాదు. గాలి చొరబడని చోట సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియా విడగొడుతుంది. ఈ పని ఒకే రకం జీవి చేసేది కాదు, అంచెలంచెలుగా నడుస్తుంది. మొదటి గుంపు పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వుల వంటి పెద్ద అణువులను కత్తిరించి నీటిలో కరిగే చిన్న ముక్కలుగా చేస్తుంది. రెండో గుంపు వాటిని ఆమ్లాలుగా మారుస్తుంది. మూడోది ఆ ఆమ్లాలను ఎసిటిక్ ఆమ్లంగా, హైడ్రోజన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. చివరి గుంపు వాటి నుంచి మీథేన్ వాయువును తయారుచేస్తుంది. ఘనంగా ఉన్న మలంలో చాలా భాగం ఇలా వాయువుగా మారి గొట్టం గుండా బయటికి పోతుంది.

ఈ నలుగురిలో చివరివాడు చాలా నెమ్మది మనిషి, పైగా సున్నితం. ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా గంటల్లో రెట్టింపవుతుంది. మీథేన్ తయారుచేసే జీవులు రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. అవి హాయిగా ఉండాలంటే పీహెచ్ విలువ 7కు అటూ ఇటూ ఉండాలి. ఏ కారణంగానైనా అవి దెబ్బతింటే, ముందున్నవారు ఆమ్లం తయారుచేస్తూనే ఉంటారు, తినేవారు మాత్రం ఉండరు. పీహెచ్ పడిపోతుంది. దాంతో మిగిలిన కొద్దిపాటి జీవులూ కుంగిపోతాయి. పులిసిపోయిన గోబర్ గ్యాస్ తొట్టి మళ్లీ దారిలో పడటానికి వారాలు ఎందుకు పడుతుందో ఇదే చెబుతుంది.

రైలు ట్యాంకు సామర్థ్యం సుమారు 400 లీటర్లు. మొదట బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని, పాలలో తోడు వేసినట్టు, ట్యాంకులో పోస్తారు. లోపల అడ్డగోడలు ఉంటాయి. వచ్చిన నీరు తిన్నగా బయటికి పోకుండా పైకీ కిందికీ వంకలు తిరుగుతూ సాగుతుంది. బరువైన ఘనపదార్థం వెనకబడి ఎక్కువ కాలం లోపలే ఉంటుంది. చివరి గదిలో క్లోరిన్ బిళ్లలు ఉంటాయి. నీరు వాటిని దాటి పట్టాల మధ్య పడుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడాలి. 72 బెర్తుల బోగీలో నాలుగు మరుగుదొడ్లు ఉంటే ఒక్కోదానికి 18 మంది. ఒక్కొక్కరు రోజుకు నాలుగుసార్లు వెళ్లి, ప్రతిసారీ ఐదారు లీటర్ల నీళ్లు వాడారనుకుంటే రోజుకు దాదాపు 400 లీటర్లు. అంటే ట్యాంకులోని నీరంతా రోజుకొకసారి మారిపోతుంది. గోబర్ గ్యాస్ తొట్టిలో పేడనీరు వాతావరణాన్ని బట్టి 30 నుంచి 55 రోజులు ఉంటుంది. ఒక్క రోజెక్కడ, ముప్పై రోజులెక్కడ? ఘనపదార్థాన్ని అడ్డగోడలు ఆపగలవు. నీటిలో కరిగినదాన్ని ఆపలేవు. ఐఐటీ మద్రాస్ పరిశోధకులు ఈ ట్యాంకులపై చేసిన విమర్శ కూడా ఈ దిశలోనే ఉంది. ఇవి సెప్టిక్ ట్యాంకులకంటే పెద్దగా మెరుగు కావని, లోపల బురద పేరుకుంటోందని వారు చెప్పారు. ఈ విమర్శను తోసిపుచ్చలేం. అలాగని పాత పద్ధతే మేలనీ అనలేం.

క్రిముల సంగతీ అంతే. వ్యాధికారక క్రిములు 99 శాతం తగ్గుతాయన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ మలంలో బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది. పది కోట్లలో 99 శాతం పోతే ఇంకా పది లక్షలు మిగులుతాయి. అందుకే చివరి గదిలో క్లోరిన్ కావాలి. నీరు మడ్డిగా ఉంటే క్లోరిన్ ఆ మడ్డిలోని సేంద్రియ పదార్థంపైనే ఖర్చయిపోతుంది, క్రిములదాకా రాదు. బిళ్లలు అయిపోయినా అంతే. ముందు గదుల్లో పని సరిగా జరగకపోతే చివరి గది ఆదుకోలేదు.

ట్యాంకును దెబ్బతీసేవి

అన్నిటికంటే పెద్ద శత్రువు ప్లాస్టిక్. నీళ్ల సీసా, గుట్కా పొట్లం, టీ కప్పు, డైపరు, శానిటరీ ప్యాడ్, గుడ్డ పేలిక: వీటిలో ఏదీ బ్యాక్టీరియాకు ఆహారం కాదు. డైపర్లు, ప్యాడ్లు మరీ కష్టం. వాటిలో ఉండే పొడి నీటిని పీల్చుకుని జెల్లీలా ఉబ్బిపోతుంది. కమోడ్‌కూ ట్యాంకుకూ మధ్య వంపు తిరిగిన గొట్టం ఉంటుంది. అందులో నిలిచిన నీరే దుర్వాసన పైకి రాకుండా ఆపుతుంది. పారేసిన వస్తువు మొదట ఇరుక్కునేదీ అక్కడే. 2017లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక దాదాపు 25 వేల బయో టాయిలెట్లను పరిశీలించింది. ఒక్క ఏడాదిలో సుమారు రెండు లక్షల లోపాలు లెక్కకు వచ్చాయి. వాటిలో లక్షకు పైగా పూడుకుపోయిన ఘటనలే.

గొట్టం పూడితే ఏం చేస్తారు? బండి డిపోకు చేరాక పిట్ లైన్ మీద, అంటే పట్టాల కింద మనిషి నిలబడి పనిచేసేలా తవ్విన గోతిలో దిగి, బోగీ అడుగు నుంచి ట్యాంకును చూస్తారు. బలమైన నీటిధారతో గొట్టాన్ని తోస్తారు, యంత్రంతో లాగుతారు. అప్పటికీ రాని సీసాను చివరికి ఎవరో ఒకరి చెయ్యే బయటికి తీయాలి. పట్టాలపై మలాన్ని మనిషి ఎత్తే అవసరం లేకుండా చేయడానికి తెచ్చిన ఏర్పాటు, కిటికీ పక్క సీటులో తాగి పారేసిన సీసా వల్ల మళ్లీ మనిషి చేతి దగ్గరికే వస్తోంది.

రెండో శత్రువు శుభ్రత పేరుతోనే వస్తుంది. ఫినాయిల్ వాసన రాకపోతే మరుగుదొడ్డి కడిగినట్టు కాదన్నది మనలో చాలామంది నమ్మకం. ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ క్రిములను చంపడానికే తయారయ్యాయి. ఏది మంచి క్రిమో ఏది చెడ్డదో వాటికి తెలియదు. కొద్దిగా, బాగా పల్చగా పోస్తే ట్యాంకు తట్టుకుంటుంది. సీసాలకు సీసాలు గుమ్మరిస్తే ముందు పోయేది మీథేన్ తయారుచేసే ఆ సున్నితమైన గుంపే. అప్పుడు దుర్వాసన తగ్గకపోగా పెరుగుతుంది. దాన్ని పోగొట్టడానికి ఇంకాస్త ఫినాయిల్ పోస్తారు. ఈ ట్యాంకుల మీద కమోడ్ కడగడానికి మెత్తని సబ్బునీరు, బ్రష్షు, సూక్ష్మజీవులకు హాని చేయని ద్రవాలు చాలు.

ఇదే సమస్య రోడ్డు మీద మరో రూపంలో కనిపిస్తుంది. అమెరికా, ఐరోపాల్లో పడకలు, వంటగది, మరుగుదొడ్డి ఉన్న మోటార్‌హోమ్ వాహనాల్లో జనం వారాల తరబడి తిరుగుతారు. వాటిలో మలజలం ఒక ట్యాంకులో, స్నానం, వంటపాత్రల నీరు మరో ట్యాంకులో నిలవ ఉంటాయి. నిండాక నిర్ణీత చోట్ల ఖాళీ చేస్తారు. రైలు ట్యాంకుకు నీరు ఎక్కువైతే కష్టం, మోటార్‌హోమ్ ట్యాంకుకు నీరు తక్కువైతే కష్టం. అక్కడ అడుగున కొన్ని లీటర్ల నీళ్లు ముందే పోసి ఉంచాలి. ట్యాంకు చాలావరకు నిండేదాకా వాల్వు మూసే ఉంచాలి. తెరిచి వదిలేస్తే నీరు జారిపోయి మలం అడుగున కుప్పగా గట్టిపడుతుంది. నిండిన ట్యాంకు వాల్వు ఒక్కసారిగా తెరిస్తే ఆ ఊపుకు అన్నీ కొట్టుకుపోతాయి. ఆ తర్వాత స్నానపు నీటి ట్యాంకును వదిలితే గొట్టం కడిగినట్టవుతుంది. దుర్వాసన రాకుండా ఒకప్పుడు ఫార్మాల్డిహైడ్ కలిసిన ద్రవాలు పోసేవారు. అవి విడిది స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో చేరి అక్కడి బ్యాక్టీరియాను చంపుతుండటంతో చాలా చోట్ల వాటిని ఒప్పుకోవడం మానేశారు. ఒకరి ట్యాంకులో పోసినది మరొకరి ట్యాంకులో తేలుతుంది.

వాసన మాయమైతే భయపడాలి

గాలి లేని చోట మాంసకృత్తులు, సల్ఫేట్లు విడిపోయినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన కోడిగుడ్ల వాసన దీనిదే. గాలిలో ఇది అతి స్వల్పంగా ఉన్నా ముక్కు పసిగడుతుంది. కానీ పది లక్షల భాగాల గాలిలో 100 భాగాల స్థాయికి చేరితే వాసన పట్టే శక్తి మొద్దుబారిపోతుంది. మనిషి వాసన పోయిందనుకుంటాడు, పోయింది తన గుర్తింపు మాత్రమే. ఐదారు వందల భాగాలు దాటితే ప్రాణాపాయం. వెయ్యి భాగాల దగ్గర కొన్ని శ్వాసలకే కుప్పకూలిపోతారు. పైగా ఇది గాలికంటే బరువు కావడంతో గుంటల అడుగున పేరుకుంటుంది.

బోగీ కింది చిన్న ట్యాంకులో మనిషి దిగడు కాబట్టి అక్కడ ఈ ముప్పు తక్కువ. ఇంటి వెనక ఉన్న సెప్టిక్ ట్యాంకులో అది నిజమైన ముప్పు. ఒకరు దిగి పడిపోవడం, కాపాడబోయి మరొకరు, ఇంకొకరు దిగి వారూ ప్రాణాలు కోల్పోవడం ప్రతి ఏటా వార్తల్లో చదువుతున్నదే. అగ్గిపుల్ల గీసి, దీపం దించి చూసే పాత అలవాటు ప్రమాదాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు. అక్కడ ఉన్నది మండే మీథేన్. సెప్టిక్ ట్యాంకులోని బురదను రెండు మూడేళ్లకోసారి పంపు బండితో పైనుంచే లాగించాలి, లోపలికి ఎవరినీ దించకూడదు. పడిపోయినవారిని కాపాడాలన్నా గాలి సిలిండరు, తాడు ఉన్న శిక్షితులే దిగాలి. పదేళ్లు వదిలేసిన ట్యాంకులో బురద గట్టిపడి పంపుకు లొంగదు. మనిషిని దించే ఆలోచన అప్పుడే వస్తుంది.

రైళ్లలో ఇప్పుడు కొత్తగా వస్తున్నది విమానాల్లో మాదిరి వాక్యూమ్ మరుగుదొడ్డి. వందేభారత్ బండ్లలో ఉన్నది ఇదే. మీట నొక్కగానే గొట్టంలోని తక్కువ పీడనం మలాన్ని లాగేస్తుంది. పాతవాటికి పది లీటర్లకు పైగా పట్టే చోట దీనికి సుమారు అర లీటరు నీరు చాలు. నీరు తగ్గితే ట్యాంకులో మలం ఎక్కువసేపు ఉంటుంది, బ్యాక్టీరియాకు వ్యవధి దొరుకుతుంది. పైన వేసిన లెక్కలోని పెద్ద లోపం ఇలా చాలావరకు తీరుతుంది. అయితే దీని గొట్టం సన్నం. వెడల్పాటి పాత గొట్టంలో ఏదో ఒకలా జారిపోయిన గుడ్డ ముక్క, ప్యాడ్ ఇందులో గట్టిగా బిగుసుకుంటాయి. పారేసే అలవాటు మారనంతకాలం ఈ మార్పు ఇబ్బందిని ట్యాంకు నుంచి గొట్టంలోకి జరుపుతుంది.

ప్రయాణికులను తప్పుపట్టే ముందు కాగ్ నివేదికలోని మరో వివరం చూడాలి. పూడుకుపోయిన గొట్టాల లెక్క పక్కనే, మరుగుదొడ్డిలో చెత్తబుట్ట లేని ఘటనలు, మగ్గు లేని ఘటనలు కూడా వేలల్లో నమోదయ్యాయి. కదులుతున్న బండిలో, తలుపు మూసిన ఇరుకు గదిలో, చేతిలో వాడిన ప్యాడ్ ఉన్న స్త్రీకి బుట్ట కనిపించకపోతే ఎదురుగా ఉండేది ఆ కమోడ్ ఒక్కటే.