ఆ రెండున్నర అడుగుల సందు

రెండో పంట ఎడగారు కోతలు ముగిసేసరికి నెల్లూరు జిల్లాలో వాన మబ్బులు కమ్ముకునే రోజులు దగ్గర పడతాయి. సోమశిల నీళ్ల కింద పండిన వడ్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆత్మకూరు చుట్టుపక్కల బస్తాలకెక్కుతాయి. అక్టోబరు రాగానే ఈశాన్య రుతుపవనాలు. జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం డిసెంబరు దాకా ఉండే ఆ మూడు నెలల్లోనే కురుస్తుంది. గింజ గోదాములోకి చేరిన కొద్ది వారాలకే గోడలు చెమ్మెక్కుతాయన్నమాట. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. పుట్లకు పుట్లు ఒకే కప్పు కింద చేరినప్పుడు, బస్తాకూ గోడకూ మధ్య ఎంత ఖాళీ వదిలారన్నదే పంట భవిష్యత్తును తేలుస్తుంది.

ఆ ఖాళీ సుమారు రెండున్నర అడుగులు ఉండాలి. భారత ఆహార సంస్థ గోదాముల్లో పాటించే పద్ధతి ఇది. సిమెంటు నేల మీద బస్తాను నేరుగా దించరు. అడుగున చెక్క చట్రాలు పరిచి, వాటిమీద వరసలు పేరుస్తారు. నేలలోని తేమ గోతానికి అంటకుండా, కింద గాలి ఆడేలా ఈ ఏర్పాటు. దొంతరకూ దొంతరకూ నడుమ మనిషి నడిచే దారి వదులుతారు.

సీజన్‌లో మొదట మాయమయ్యేది ఆ దారే. లారీలు గేటు బయట నిలబడి ఉంటాయి, లోపల జాగా చాలదు. ఇంకో యాభై బస్తాలు పడతాయి కదా అని గోడవార పేరుస్తారు. ఇక అక్కడికి చీపురు వెళ్లదు. చిరిగిన గోతం నుంచి రాలిన గింజలు మూలల్లోనే ఉండిపోతాయి. వాటి కోసం ఎలుక, ఎలుక వెనకే పాము వస్తాయి. ముక్కు పురుగుకైతే ఆ గుప్పెడు గింజలే చాలు. ఒక్కో ఆడ పురుగు తన జీవితంలో మూడు వందలకు పైగా గుడ్లు పెడుతుంది. వెచ్చని వాతావరణంలో నెల రోజుల్లోపే కొత్త తరం బయటికొస్తుంది.

గాదె కింద పందికొక్కు అన్న మాట ఊరికే పుట్టలేదు. పాత రోజుల్లో కొత్త వడ్లు పోసే ముందు గాదెను ఖాళీ చేసి, పగుళ్లు పూడ్చి, పేడతో అలికి, ఎండనిచ్చేవారు. వేపాకు వేసేవారు. గోదాము వచ్చాక పరిమాణం పెరిగింది, ఆ శ్రద్ధ మాత్రం అదే స్థాయిలో రాలేదు.

తేమ సంగతి మరీ ముఖ్యం. ప్రభుత్వ కొనుగోలులో వడ్లకు 17 శాతం వరకు తేమను అనుమతిస్తారు. నెలల తరబడి నిలవ ఉంచాలంటే 14 శాతం లోపుకు ఆరాలి. గింజ కూడా ఊపిరి తీస్తుంది. తడిగా ఉంటే ఆ ఊపిరి వేగం పెరిగి దొంతర నడుమ వేడెక్కుతుంది, బూజు పడుతుంది, బియ్యం రంగు మారుతుంది. బయటి వరస చూస్తే ఏమీ తెలియదు.

పురుగు పట్టాక వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి. దొంతర మీద పట్టా కప్పి, అంచుల వెంట ఇసుక గొట్టాలు పెట్టి, రోజుల తరబడి మూసి ఉంచాలి. శిక్షణ పొందిన వాళ్లు తప్ప ఎవరూ దాన్ని ముట్టకూడదు. పట్టా తీశాక గాలి పూర్తిగా ఆడేదాకా హమాలీని లోపలికి పంపడం అతని ప్రాణంతో ఆడుకోవడమే.

జిల్లా పడమటి మెట్టలో కథ వేరు, సరుకు పొగాకు. మర్రిపాడు మండలం డీసీ పల్లిలో, కలిగిరిలో పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. బేలులో ప్లాస్టిక్ దారమో, కోడి ఈకో కనబడితే ధర పడిపోతుంది. అంతకుముందు బ్యారన్‌లో ఆరబెట్టే దశలోనే, కర్ర నుంచి జారిన ఆకు కాలుతున్న గొట్టం మీద పడితే మంట అంటుకుంటుంది. రాలిన ఆకును ఎప్పటికప్పుడు ఊడ్చేయడం అక్కడ శుభ్రత, భద్రత రెండూ.

దారి లేకపోతే ఏమవుతుందో 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయగూడ చూసింది. తుక్కు గోదాములో మంటలు లేచాయి. పైన నిద్రపోతున్నది పన్నెండు మంది బీహార్ కార్మికులు. కిందికి దిగడానికి ఉన్నది ఒక్క ఇరుకు మెట్ల దారి, అదీ మంటల్లోకే. పదకొండు మంది చనిపోయారు. ఒక్కడే కిందికి దూకి బతికాడు. సరుకు ఉండే చోట మనుషులను పడుకోబెట్టకూడదనీ, బయటికి రెండో దారి ఉండాలనీ చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఆత్మకూరు గోదాముల్లోనైనా, మరెక్కడైనా, హమాలీకి కూలి సాధారణంగా బస్తా లెక్కన వస్తుంది. ఎత్తిన బస్తాకు డబ్బు, ఊడ్చిన మూలకు లేదు. గోదాము శుభ్రంగా ఉండాలంటే ముందు ఈ లెక్క మారాలి. సాయంత్రం ఊడ్చే గంటకు విడిగా కూలి కట్టాలి. మొదటి లారీ రాకముందే దొంతరల హద్దులను నేల మీద రంగుతో గీయాలి. గీత దాటి బస్తా దించమని యజమాని చెప్పినా, దించనని అనే హక్కు మోసేవాడికి ఉండాలి. దొంతర ఒరిగితే దాని కింద ఉండేది అతనే.