మైకు కేబులు మనమే తయారు చేసుకొనుట – తీగ ఎన్నిక

కవిసమ్మేళనం గాని, ముషాయిరా గాని జరిగేటప్పుడు వెనుక వరుసలలో కూర్చున్న శ్రోతలకు కవి కంఠం కంటె ముందుగా వినిపించేది తరచుగా ‘గుయ్’మనే రొద. అందుకు ఆంప్లిఫయరును నిందించడం మన అలవాటు. మైకును మార్చి చూస్తాము, స్పీకరును జరిపి చూస్తాము. నేరం మాత్రం చాలా మార్లు మైకుకూ ఆంప్లిఫయరుకూ నడుమ నేలమీద పడివున్న కేబులుదై ఉంటుంది. తయారైన కేబుళ్లను ఏటేటా కొనడమూ, ఏడాది తిరగకముందే అవి మూలపడడమూ కళాశాలలకు కొత్త కాదు. మంచి తీగ, రెండు పిన్నులు, సోల్డరింగు సామగ్రి ఉంటే ఈ పని విద్యార్థులే చేసుకోవచ్చును. సోల్డరింగు ఒకటి రెండు పూటలలో పట్టుబడే విద్య. ఏ పనికి ఏ తీగ తీసుకోవాలన్నదే ఆలోచించవలసిన విషయం. దానిని గురించే ఇక్కడ వివరించదలచాము. మేము భాష చెప్పుకొనే వారమే ఐనా, మాట శ్రోతకు చేరకపోతే భాషకు మాత్రం విలువ ఏముంటుంది?

దుకాణంలో ‘ఆడియో వైరు’ అని అడిగితే నాలుగైదు రకాల చుట్టలు మన ముందు పెడతారు. అన్నీ నల్లగానే ఉంటాయి. వాటి ధర అడగకముందు మనల్ని మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ తీగలో ప్రవహించేది ఎంత? డైనమిక్ మైకు ముందు దగ్గరగా నిలిచి మాట్లాడితే పుట్టేది ఒకటి రెండు మిల్లీవోల్టుల విద్యుత్తు. మిక్సరు నుండి ఆంప్లిఫయరుకు పోయేది ఇంచుమించు ఒక వోల్టు. 100 వాట్ల ఆంప్లిఫయరు 8 ఓముల స్పీకరుకు నిండుగా శక్తినిచ్చేటప్పుడు 28 వోల్టులు, మూడున్నర ఆంపియర్లు. మైకు వోల్టేజికీ, స్పీకరు వోల్టేజికీ పదివేల రెట్లకు పైబడిన తేడా ఉన్నదన్నమాట. మొదటిదానికి కావలసినది రక్షణ, చివరిదానికి కావలసినది విశాలమైన మార్గం. ఒకే రకం తీగ ఈ రెండు పనులకూ పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ముందు మైకు సంగతి చూద్దాము. సభాభవనంలో గోడల వెంబడి 230 వోల్టుల తీగలుంటాయి. పంకాలు, ట్యూబులైట్ల చోకులు ఉంటాయి. వాటిలోని విద్యుత్తు సెకనుకు 50 సార్లు ఊగిసలాడుతుంది. ఆ ఊగిసలాట మైకు తీగలోకి చొరబడితే మనకు రొదగా వినిపిస్తుంది. దీనికి రెండు అడ్డుకట్టలున్నాయి. మొదటిది తీగ చుట్టూ రాగితో అల్లిన కవచం. బజారులో దీనినే షీల్డు అంటారు. రెండవది లోపలి రెండు తీగలను ఒకదానితో ఒకటి పేనడం. ఇది టెలిఫోను తొలిదినాలలోనే తెలిసిన కిటుకు. గ్రాహంబెల్ 1881లో దీనికి పేటెంటు పొందాడు. మైకు పంపే శబ్దసంకేతం ఈ రెండు తీగలలోనూ ఎదురెదురుగా నడుస్తుంది. బయటినుండి వచ్చే రొద మాత్రం పేనిన తీగలు రెండింటిమీదా ఒకే తీరున పడుతుంది. ఆంప్లిఫయరు ఈ రెండింటి భేదాన్ని మాత్రమే గ్రహిస్తుంది కనుక సమానంగా వచ్చిన రొద తనంతట తానే రద్దవుతుంది.

కనుక మైకుకు అడగవలసినది ‘టూ కోర్ షీల్డెడ్’ తీగ. సింగిల్ కోర్ చవుక. కాని అందులో సంకేతం తిరిగిపోయే దారి కవచమే. కవచం మీద పడిన రొదకు సంకేతంతో పాటే ప్రవేశం లభిస్తుంది. దుకాణంలోనే ఒక జానెడు పైతొడుగు ఒలిపించి చూడాలి. లోపలి రెండు తీగలు పేని ఉన్నాయా, పక్కపక్కన ఊరకే పడివున్నాయా? కవచం చిక్కని అల్లికా, నాలుగు పోగులు అటూ ఇటూ చుట్టి మమ అనిపించారా? కొన్నింటిలో అల్లికకు బదులు అల్యూమినియం రేకు ఉంటుంది. అది పూర్తిగా కప్పుతుంది గనుక గోడలో ఒకసారి వేసి వదిలివేసే తీగలకు శ్రేష్ఠం. వేదికమీద రోజూ చుట్టి విప్పే కేబులుకు అది తగదు. మడతపడిన చోటల్లా రేకు చిట్లుతుంది. నాలుగు కోర్ల తీగ కూడ ఒకటి దొరుకుతుంది. అందులో ఎదురెదురు తీగలను జంటగా కలిపి సోల్డరింగు చేయాలి. విద్యుత్ బోర్డు, ట్రాన్సుఫార్మరు దగ్గరగా ఉన్న వేదికలకు దాని ఖరీదు న్యాయమే. ఇతర వేదికలకు అది అనవసరం.

కేనన్ పిన్నులో 1వ పిన్నుకు కవచాన్ని, 2, 3 పిన్నులకు లోపలి తీగలను కలపాలి. రెండు చివరలా వరుస మారకూడదు. కండెన్సరు మైకుకు కావలసిన 48 వోల్టులు కూడ ఈ మూడింటి ద్వారానే పోతాయి గనుక కవచం తెగిన క్షణమే ఆ మైకు మూగపోతుంది.

ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే వేదికలు తప్పక గమనించవలసిన అంశం మరొకటి ఉంది. లోపలి తీగా, దాని చుట్టూ ఉన్న కవచమూ కలిసి పొడవైన ఒక కండెన్సరు అవుతాయి. మామూలు తీగలో దీని విలువ మీటరుకు ఇంచుమించు 100 పికోఫారడ్లు. ఈ కండెన్సరు ఎక్కువ ఫ్రీక్వెన్సీ గల ధ్వనులను మింగివేస్తుంది. ఎంత మింగుతుందన్నది మైకు ఇంపెడెన్సును బట్టి ఉంటుంది. 200 ఓముల మైకుకు 100 మీటర్ల తీగ కట్టినా 80 కిలోహెర్ట్‌జుల వరకు నష్టం మొదలు కాదు. మన చెవికి వినిపించేదే 20 కిలోహెర్ట్‌జుల లోపు. అదే 50 కిలో ఓముల హై ఇంపెడెన్సు మైకుకు పది మీటర్ల తీగ కట్టండి. మూడు కిలోహెర్ట్‌జులు దాటగానే ధ్వని క్షీణించసాగుతుంది. ‘స’కారానికి ప్రాణమంతా అంతకు పైనే ఉంది. అటువంటి మైకులో ‘సీన్’కూ ‘షీన్’కూ భేదం మసకబారుతుంది, ‘సకలము’ ‘శకలము’ వలె వినబడుతుంది. శ్రోతలు కవి ఉచ్చారణను తప్పు పడతారు! మైకు వెనుక ‘50 కె’ అని రాసి ఉంటే తీగ అయిదు మీటర్లు మించనీయకండి. లేదా లో ఇంపెడెన్సు మైకుకు మారండి. ఎలక్ట్రిక్ గిటారుకు కూడ ఇదే న్యాయం వర్తిస్తుంది. కీబోర్డుకు ఈ బాధ లేదు.

స్పీకరు తీగకు కవచం అక్కరలేదు, లావు కావాలి. 20 మీటర్ల దూరంలో 8 ఓముల స్పీకరు ఉన్నదనుకొందాము. రానూ పోనూ 40 మీటర్ల రాగి. 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ ఐతే దాని నిరోధం 0.9 ఓములు. శక్తిలో పదో వంతు తీగలోనే వేడిగా పోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే నష్టం నూటికి మూడు పాళ్లు. మిగిలింది కదా అని 0.22 చదరపు మిల్లీమీటర్ల మైకు తీగను స్పీకరుకు తగిలిస్తే నూటికి 28 పాళ్లు వ్యర్థం. 100 వోల్టుల లైను మీద నడిచే హారనులకు ఇంత లావు అవసరం లేదు. అక్కడ 100 వాట్లకు ఒక్క ఆంపియరు చాలును. స్పీకరు తీగల చివర కరెంటు సాకెట్లలో పట్టే రెండు పిన్నుల ప్లగ్గులు బిగించే పద్ధతిని మాత్రం మేము ఒప్పుకోము. ఎవరో ఒకరు చీకటిలో దానిని గోడ సాకెట్టులో గుచ్చుతారు. స్పీకరు కాలడమే కాదు, ప్రాణాపాయం కూడ.

ఇక రాగి నాణ్యత. ‘ఆక్సిజన్ లేని రాగి’ అని పెద్ద అక్షరాలతో ముద్రించిన చుట్టలకు ధర ఎక్కువ చెబుతారు. మామూలు విద్యుత్ రాగికీ దానికీ వాహకతలో తేడా నూటికి ఒక పాలు. అది ఏ చెవికీ వినిపించదు. భయపడవలసినది రాగి పూత పూసిన అల్యూమినియానికి. చూపులో రాగే, చాకుతో గీస్తే లోపల తెల్లగా ఉంటుంది. నిరోధం ఎక్కువ, నాలుగు రోజులు మడిస్తే పుటుక్కుమంటుంది. లోపల ఇనుము ఉందేమో చిన్న అయస్కాంతంతో చూడవచ్చును. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లే విద్యార్థులు చాకు, అయస్కాంతం జేబులో పెట్టుకొని వెళ్లడం మంచిది. దుకాణదారు నొచ్చుకొంటే పక్క దుకాణం ఉండనే ఉంది.

పైతొడుగు మెత్తగా, ఆరు మిల్లీమీటర్ల మందంగా ఉంటే కేనన్ పిన్ను బిగింపులో చక్కగా కూర్చుంటుంది. బజారులో పి-38 అని పిలిచే పావు అంగుళం జాకుల విషయంలో తొడుగు లోపలికి పడుతుందో లేదో ముందే సరిచూసుకోవాలి. సోల్డరింగు సగం ఊడేది బిగింపు పట్టనందువల్లనే. లోపలి తీగల పాలిథిన్ వేడికి కరుగుతుంది. తీగకూ పిన్నుకూ వేరువేరుగా ముందే సీసం పట్టించి, రెండు మూడు సెకనులలో అతికించి తీసివేయాలి.

ఇంత చేసినా రొద వినిపిస్తే మిక్సరు ఒక సాకెట్టునుండి, ఆంప్లిఫయరు వేరొక సాకెట్టునుండి కరెంటు తీసుకొంటున్నాయేమో చూడండి. రెండింటినీ ఒకే బోర్డుకు కలపండి. అంతేగాని రొద పోవడానికి ప్లగ్గులోని ఎర్తు పిన్నును ఎవరు తీసివేయమన్నా వినవద్దు. మైకు పట్టుకొనేది మనిషి చేయి.

వంద మీటర్ల చుట్ట ఒకటి తీసుకొంటే పది మీటర్లవి ఆరు, ఇరవై మీటర్లవి రెండు కేబుళ్లు వస్తాయి. ఒక్కొక్కటి పూర్తి కాగానే మల్టీమీటరుతో 1 నుండి 1కి, 2 నుండి 2కి, 3 నుండి 3కి దారి ఉన్నదా, వాటి నడుమ ఎక్కడైనా కలిసిందా అని పరీక్షించాలి. పరీక్షించేటప్పుడు పిన్ను మెడను అటూ ఇటూ కదిలించి చూడాలి. ఆపైన పొడవును, చేసిన తేదీని చిన్న చీటీమీద రాసి తీగకు అంటించాలి.