గుణదలకు కాలినడకన వెళ్తున్నారా? ఇంటికి ఫోన్ మరవకండి



ప్రతి ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడలో గుణదల మాత ఉత్సవాలు జరుగుతాయి. మొక్కు ఉన్నవారు చాలామంది కాలినడకనే వెళ్తారు. తెనాలి నుంచి విజయవాడకు సుమారు 35 కిలోమీటర్లు. రేపల్లె వారికి దాదాపు దానికి రెట్టింపు. బాపట్ల వారికి 70 పైమాటే. గంటకు 4 కిలోమీటర్లు నడిచినా తెనాలి వారికి విశ్రాంతి కాకుండానే 9 గంటలు పడుతుంది. మిగిలినవారు దారిలో ఒక రాత్రి గడపవలసిందే.

ఫిబ్రవరి 11కు మరో ప్రత్యేకత ఉంది. 1992లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆ రోజును ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు. 1993 నుంచి దానిని జరుపుకుంటున్నారు. నడిచేవారిలో షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవారు కూడా ఉంటారు. ఈ నాలుగు మాటలు ముఖ్యంగా వారి కోసం, వారి ఇంటివారి కోసం.

ఫోన్ చేతిలో ఉంటే చాలా?

ఇలా అనుకుందాం. షుగరు ఉన్న పెద్దాయన ఒకరు "చేరాక ఫోన్ చేస్తాను" అని చెప్పి తెల్లవారుజామున బయలుదేరారు. మధ్యాహ్నం భార్య ఫోన్ చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది. ఛార్జింగ్ అయిపోయిందా? ఎక్కడైనా కళ్లు తిరిగి పడిపోయారా? రెండింటిలో ఏది జరిగినా ఆమెకు వినిపించేది ఆ ఒక్క మాటే. అందుకే, ఫోన్ రాకపోతే ఏం చేయాలో బయలుదేరకముందే ఇద్దరూ మాట్లాడుకోవాలి.

బయలుదేరే ముందు

1. ఫోన్ చేసే వేళలు పెట్టుకోండి. భోజనం, మాత్రల వేళలైతే గుర్తుంటాయి. ఉదాహరణకు ఉదయం 8, మధ్యాహ్నం 1, రాత్రి 8.

2. తోటి యాత్రికులు ఇద్దరి నంబర్లు ఇంట్లో రాసి ఉంచండి. అనుకున్న వేళకు ఫోన్ రాకపోతే ఇంటివారు ముందు వారికి చేయాలి. వారూ పలకకపోతే ఇంకెంతసేపు ఆగాలో, ఎవరిని వెతకడానికి పంపాలో ముందే అనుకోండి.

3. ఇంటి నంబరు, మీ జబ్బు, వాడే మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఒకప్పుడు ఊరూరా ఎస్‌టీడీ బూత్ ఉండేది, నంబర్లు నోటికి వచ్చేవి. ఇప్పుడు ఫోన్ ఆగిపోతే పక్కవారి ఫోన్ అడగాలి. అప్పుడు నంబరు తెలియకపోతే ఫోన్ దొరికినా లాభం లేదు.

4. ఎక్కువ దూరం నడిచే రోజుల్లో మాత్రల, ఇన్సులిన్ మోతాదు మార్చాలేమో మీ డాక్టరుగారిని ముందే అడగండి.

దారిలో

సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట టవరును అందుకోవడానికి ఫోన్ ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. ఛార్జింగ్ త్వరగా దిగిపోతుంది. పాటలు, వీడియోలు ఆపండి, డేటా కట్టేయండి. మామూలు బటన్ల ఫోన్ ఉంటే అది కూడా తీసుకెళ్లండి, దాని ఛార్జింగ్ ఎక్కువ రోజులు ఉంటుంది.

కొండ దగ్గర వేలాదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే కాల్ కలవకపోవచ్చు. అప్పుడు మెసేజ్ పంపండి. దానికి కాల్‌లాగా లైను ఖాళీగా ఉండనక్కరలేదు. వెంటనే అందకపోయినా, కంపెనీ దాన్ని తన దగ్గర ఉంచుకొని మళ్లీ మళ్లీ పంపుతుంది. "క్షేమం. దుగ్గిరాల దాటాము" అంటే చాలు.

నడుస్తూ మాట్లాడకండి. రోడ్డు దిగి, నీడన నిలబడి మాట్లాడండి.

ఇంటివారు ఏం వినాలి?

"బాగున్నావా?" అంటే ఎవరైనా "బాగున్నాను" అనే అంటారు. "ఏ ఊళ్లో ఉన్నావు? ఏం తిన్నావు? మాత్ర వేసుకున్నావా? కాళ్లకు బొబ్బలు వచ్చాయా?" అని అడగండి. జవాబుతోపాటు గొంతు కూడా గమనించండి. మాట తడబడినా, సంబంధం లేకుండా మాట్లాడినా, వణుకు, చెమటలు అని చెప్పినా షుగరు పడిపోయి ఉండవచ్చు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగమనండి. పక్కవారికి ఫోన్ ఇమ్మనండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే 108కి చేయాలి. మూతి వంకరపోయినా, ఒక చేయి పట్టు తప్పినా పక్షవాతం కావచ్చు. అప్పుడు కూడా ఆలస్యం చేయవద్దు.

ముందు 108, తరువాత ఇల్లు

ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే చాలామంది ముందు ఇంటికి ఫోన్ చేస్తారు. కానీ రేపల్లెలో ఉన్న కొడుకు మంగళగిరి దగ్గరున్న తండ్రిని చేరేసరికి విలువైన సమయం పోతుంది. ముందు 108కి చేయండి. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన ఈ అంబులెన్సు సేవ ఉచితం. అది దొరకకపోతే 112కి చేయండి. ఎక్కడున్నారో తెలియకపోతే కిలోమీటరు రాయి మీదో, దగ్గరలోని దుకాణం బోర్డు మీదో ఉన్న ఊరి పేరు చదివి చెప్పండి.

మొక్కు తీరిన తరువాత కూడా ఒక ఫోన్ చేయండి. ఇంటి దగ్గర ఎదురుచూసేవారు అది వచ్చాకే కుదుటపడతారు.

క్షేమంగా వెళ్లి, క్షేమంగా తిరిగి రండి.