పాత వ్యానునకు క్రొత్త పొగగొట్టము - ఎన్నుకొను విధము

తెల్లవారుజామున కూరగాయల గంపలను మార్కెట్టునకును, పాలక్యానులను పాలకేంద్రమునకును, ఎరువుల బస్తాలను చేనిగట్టునకును చేర్చి, మరల సాయంకాలము బంధువులను పెండ్లికో, జబ్బుపడినవారిని ఆసుపత్రికో తీసికొనిపోవు పాత వ్యాను అనేకులగు రైతుల యిండ్ల ముంగిట నేడు కానవచ్చుచున్నది. వీనిలో పేరెన్నికగన్నది మారుతి ఓమ్ని. ఇది 1984లో మారుతి వ్యాను అను పేర వెలువడి, 2019లో తయారగుట నిలిచిపోయినది. 2010లో వచ్చిన ఈకోయు అదే జాతికి చెందినది. ఈ రెండింటియందును ఇంజను ముందుసీట్ల క్రిందనే యుండును. కావున అది వదలు పొగ మనుష్యుల కాళ్ళ క్రింద పుట్టి, వారు కూర్చున్న నేల క్రిందుగా వెనుకవైపునకు పోవలెను. ఈ దారిలో ఎచ్చట చిల్లిపడినను ఆ పొగ బండిలోనివారి యూపిరితిత్తులను చేరుటకు మార్గము దొరకును. ఈ సంగతిని మనస్సున నుంచుకొన్నచో, పొగగొట్టము మార్చునప్పుడు ఏది కొనవలెను, ఏది కొనరాదు అను ప్రశ్నకు సగము జవాబు దొరకినట్లే.

నా స్వానుభవము నొకదానిని ఇచ్చట చెప్పుట యుక్తమని తోచుచున్నది. కొన్ని యేండ్ల క్రిందట నా ఓమ్ని సైలెన్సరు త్రుప్పుపట్టి చిల్లులు పడగా, ఒక షెడ్డులో చవుకగా క్రొత్తది వేయించితిని. చప్పుడు తగ్గినది, నేనును సంతసించితిని. పనివాడు తోకగొట్టమును వెనుకబంపరు దాక తేక, జానెడు ముందుగనే కోసి వదలిన సంగతి నేను చూడలేదు. ఆ చలికాలమున అద్దములు మూసికొని పోవుచుండగా, వెనుక కూర్చున్న మా మనుమరాలు తలనొప్పి యనియు, వాంతి వచ్చుచున్నదనియు చెప్పెడిది. పిల్లకు బండిప్రయాణము పడదని మేమందరము తలచి, నిమ్మకాయ వాసన చూపించుచు వచ్చితిమి. ఒకనాడు అది పిలిచినను పలుకక మగతగా పడియుండుట చూచి, గుండె ఝల్లుమనగా, దించి బయటి గాలిలో పరుండబెట్టితిమి. కొంతసేపటికి తేరుకొన్నది. అప్పుడుగాని నాకు బండి క్రిందికి వంగి చూడవలెనను బుద్ధి పుట్టలేదు.

పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోయు పదార్థము ఈ విషవాయువును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. అందుచేత గాలిలో అది కొంచెమున్నను శరీరమునకు ప్రాణవాయువు కొరవడును. తలనొప్పి, తల తిరుగుట, వాంతి, మగత దీని గుర్తులు. వాసన రాలేదు గదా యని నిశ్చింతగా నుండరాదు. బండిలో నిద్రపోవుచున్నవారు ఈ గుర్తులను ఎరుగకయే అపాయములో పడుదురు. అట్టివారిని వెంటనే బయటి గాలిలోనికి తెచ్చి, తేరుకొన్నట్లు కానవచ్చినను వైద్యునికి చూపవలెను. ఆనాడు నేను చూపలేదు. అది తప్పు.

ఇక గొట్టము పాడగుటకు కారణము. ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు ఇంచుమించుగా ఒక లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. బండి దూరము నడచినచో గొట్టమంతయు వేడెక్కి ఆ యావిరి బయటికి పోవును. మన వ్యానులు పాలకేంద్రము వరకు రెండు మూడు మైళ్ళు పోయి ఆగును. అప్పుడు ఆవిరి సైలెన్సరులోనే నీరై, పొగలోని యామ్లములతో గలిసి, లోపలినుండి ఇనుమును తినివేయును. చిరిగిన బస్తాలనుండి రాలిన ఎరువు, కోస్తాయందలి ఉప్పుగాలి బయటినుండి తినును. సైలెన్సరు అడుగున నీరు పోవుటకు సన్నని బెజ్జ ముండిన, చిల్లి యనుకొని దానిని పూడ్పింపరాదు.

కొనుటకు ముందు, చెడినది ఏదో తెలిసికొనవలెను. తరచుగా మొదట తెగునది గొట్టమును వ్రేలాడదీయు రబ్బరు. అది తెగి గొట్టము జారగా, అతుకుల మీద బరువు పడి అవి విచ్చును. అతుకులచెంత నల్లని మసిచార లున్నచో అచ్చట పొగ కారుచున్నదని యర్థము. ఇంజను చల్లగా నున్నప్పుడు, ఆరుబయట, ఒకరు స్టార్టు చేయగా మరియొకరు వెనుకగొట్టమును మందపు గుడ్డతో క్షణకాలము ఒత్తిపట్టినచో చిల్లియున్నచోట బుసబుసలు వినవచ్చును. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రింద దూరరాదు. సైలెన్సరు మాత్రమే చెడినచో దానినొక్కదానినే మార్చినను చాలును. మొత్తము గొట్టము వేయవలెనని అంగడివాడు చెప్పిన మాటకు లొంగనక్కరలేదు. పూతమందుతో చిల్లి పూడ్చుట ఇంటికి చేరుటకు పనికివచ్చునేగాని, అంతకుమించి పనికిరాదు.

లోహము విషయమున మూడు తరగతులు కలవు. వట్టి ఇనుపరేకు చవుక, త్రుప్పుకు త్వరగా లొంగును. అల్యూమినియము పూత పూసిన ఉక్కు మధ్యరకము. మనవంటివారి పొట్టిప్రయాణములకు ఇది చాలునని నా యభిప్రాయము. అతికిన చోట పూత కాలిపోవును గనుక వెల్డింగు చేసిన చోటులకు వేడికి నిలుచు రంగు వేయింపవలెను. స్టెయిన్లెస్ ఉక్కు మిక్కిలి మన్నిక గలది, వెలయు నట్లే యుండును. అయస్కాంతము పట్టిన యెడల అది స్టెయిన్లెస్ కాదని కొందరు చెప్పుదురు. ఇది పొరపాటు. పొగగొట్టములకు విరివిగా వాడు 409 రకము నూటికి పదునొకండు వంతుల క్రోమియము గలదై అయస్కాంతమునకు అంటుకొనును. పాత్రలకు వాడు 304 రకము సాధారణముగా అంటుకొనదు.

గొట్టము వెడల్పు పాతదానితో సమానముగా నుండవలెను. సన్ననిదైన ఇంజను ఉక్కిరిబిక్కిరియై లాగదు. వెడల్పుది వేసిన బండికి బలము వచ్చునని కుర్రవాండ్రు చెప్పుదురు గాని, 796 సీసీల చిన్న ఇంజనుకు దానివలన వచ్చునది రొద మాత్రమే. తోకగొట్టము బండి శరీరమును దాటి వెలుపలికి వచ్చియుండవలెను. కొనునప్పుడే కొలిచి చూడుడు.

క్యాటలిటిక్ కన్వర్టరు అను భాగమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. తేనెపట్టువంటి రాతిగూటిలో ప్లాటినము, పలాడియము, రోడియము అను విలువగల లోహములు పూతగా నుండి, విషవాయువులను చాలవరకు నిరపాయముగా మార్చును. మన దేశమున 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు దీనిని నిర్బంధము చేసిరి. సీసము దీనిని చెరచును గావున సీసము లేని పెట్రోలే 2000 సంవత్సరమునుండి దేశమంతట అమ్ముచున్నారు. క్రొత్త కన్వర్టరు వెల యెక్కువ. అందుచే కొందరు పనివారు "ఇది లేకున్నను బండి బాగుగ నడచును, తీసివేసి వట్టి గొట్టము వేసెదము" అందురు. తీసిన దానిని ఏమి చేయుదురో అడిగి చూడుడు. ఆ లోహముల కొరకే ఈకో బండ్ల సైలెన్సరులను దొంగలు కోసికొనిపోవుట అనేక నగరములలో పత్రికలకెక్కినది. రైతు చేతులార ఇచ్చివేయుచున్నది దొంగ రాత్రివేళ ప్రయాసపడి తీసికొనునదే.

కన్వర్టరు నిజముగా చెడినచో, ఎందులకు చెడినదో విచారింపక క్రొత్తది వేయరాదు. ప్లగ్గులు సరిగా మండనిచో కాలని పెట్రోలు కన్వర్టరులో చేరి మండి తేనెపట్టును కరగించును. ఇంజను నూనె త్రాగుచున్నచో మసి కప్పివేయును. మూలము బాగుచేయక వేసిన క్రొత్తది కూడ అదే గతి పొందును. చేతితో తట్టిన లోపల గలగల మన్నచో గూడు విరిగినది. ఎత్తు ఎక్కలేక బండి మూల్గుచున్నచో మూసికొనిపోయి యుండవచ్చును. సరిపోవునది కొనుటకు బండి తయారైన సంవత్సరము, ఛాసిస్ నెంబరు, అది ఏ భారత్ స్టేజికి చెందినదో వ్రాసి పట్టుకొనిపోవలెను. భారత్ స్టేజి 4 దేశమంతట 2017 ఏప్రిల్ నుండియు, 6 2020 ఏప్రిల్ నుండియు అమలునకు వచ్చినవి. పెట్రోలును యంత్రము చిమ్ము బండ్లలో గొట్టమునకు ప్రాణవాయువును కనిపెట్టు సెన్సారు ఉండును. దానికి ముందు చిల్లియున్న, బయటిగాలి చొరబడి, పెట్రోలు తక్కువైనదని యంత్రము భ్రమించి ఎక్కువ వదలును. మైలేజీ తగ్గినదని వాపోవువారు ముందు దీనిని చూచుకొనవలెను.

కళ్ళములో బండి నిలుపువా రొక సంగతి మరువరాదు. నడచి వచ్చిన బండి కన్వర్టరు కొన్ని వందల డిగ్రీల వేడిమితో నుండును. దాని క్రింద ఎండుగడ్డి తగిలినచో నిప్పంటుకొనవచ్చును. వేడిని ఆపు రేకు పాతదానికి ఉన్నచో క్రొత్తదానికిని వేయించుడు. అడ్డమని పీకివేయు వారున్నారు.

కాలుష్య ధ్రువపత్రము లేనిచో 2019 సవరణ తరువాత పదివేల రూపాయలవరకు జరిమానా కలదు. అయితే ఆ పరీక్ష వెనుకగొట్టము చివర పొగనే కొలుచును గాని, నేల క్రింద కారు పొగను చూడదు. పత్రము చేతనున్నది గదా యని కూర్చున్నవారిలో నేనొకడను.

బిగించునప్పుడు పాత గాస్కెట్టులను మరల వాడనీయరాదు. క్లాంపులు, రబ్బరులు క్రొత్తవి వేయించుడు. ఇంజను తిప్పి, బండి నడిపి, చల్లారిన పిదప బోల్టులను మరల బిగింపించుడు. వెదుళ్ళు, చెరకు వంటి పొడుగు సామాను వేసికొని వెనుకతలుపు తెరచి కట్టి పోవుట మనలో వాడుక. నడచు బండి వెనుక గాలి పలుచనై, వెలువడిన పొగనే తిరిగి లోపలికి లాగును. గొట్టము ఎంత మంచిదైనను దీనిని ఆపజాలదు. అట్టి సామానును మీదికెత్తి కట్టుడు, లేదా ట్రాక్టరున తోలించుడు; తప్పనిసరియైనచో ముందరి అద్దములన్నియు దించి, పిల్లలను ఇంటివద్దనే యుంచుడు.