గడపలో దాగిన వెన్నెముక

పాత ఎంజీబీ కారు బేరం చేయడానికి వెళ్లినవాడు అనుభవజ్ఞుడైతే ముందు బానెట్ ఎత్తడు. గొంతుక్కూర్చుని తలుపు కిందికి చూస్తాడు. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా గడపలా సాగే రేకును స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోతాడు. రేకు గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల తుప్పు తినేస్తే నానిన అట్టపెట్టెను తట్టినట్టు బొదబొదమంటుంది. తర్వాత జేబులోంచి చిన్న అయస్కాంతం తీస్తాడు. అది అంటుకోకుండా జారిపడిన చోట ఇనుము లేదు, రంగు వేసిన లప్పం ఉంది. ఇక ఇంజను ఎంత కమ్మగా మోగినా ధర సగానికి పడాల్సిందే.

ఆ రేకు గడపకు ఇంగ్లండ్ మెకానిక్కులు పెట్టుకున్న పేరు సిల్. మాటకు అర్థం కూడా గడపే.

ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆ పేరు ఇప్పుడు చైనా కంపెనీ సొత్తు. గుజరాత్‌లోని హాలోల్‌లో తయారై ఆ ఎనిమిది పలకల గుర్తుతో వచ్చే కార్లు హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ కనిపిస్తాయి. ఎంజీబీ మాత్రం ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. ఇద్దరు కూర్చునే ఈ టాప్ లేని కారు 1962లో బయటికొచ్చింది. 1980 అక్టోబరులో ఫ్యాక్టరీ మూతపడేసరికి, 1965లో వచ్చిన పైకప్పు జీటీతో కలిపి, 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఎక్కువ భాగం ఓడలెక్కి అమెరికా వెళ్లాయి.

దీనికి ముందున్న ఎంజీఏకు అడుగున నిచ్చెనలాంటి ఛాసిస్ ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టడం చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు. కంపెనీ నుంచి ఛాసిస్ వస్తుంది, దాని మీద క్యాబిన్, తొట్టి కట్టుకుంటారు. తొట్టికి తుప్పు పడితే తీసి కొత్తది కడతారు, కింద ఛాసిస్‌కు ఏమీ కాదు. ఎంజీబీలో ఆ ఛాసిస్‌నే ఎత్తేశారు. పల్చటి రేకులను వంచి, పెట్టెల్లా మడిచి, స్పాట్ వెల్డింగ్‌తో కలిపి బాడీ చేశారు. బరువు మోసేదీ, దెబ్బ కాచేదీ ఆ బాడీయే. రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది.

అంత పల్చటి రేకుకు అంత బలం ఎక్కడిది? ఇంట్లో ఖాళీ టూత్‌పేస్టు డబ్బా ఉంటే రెండు కొసలు పట్టుకుని మెలిపెట్టి చూడవచ్చు. అంత తేలిగ్గా లొంగదు. అదే డబ్బాను ఒక అంచు వెంట నిలువునా బ్లేడుతో చీల్చి మళ్లీ మెలిపెడితే చేతిలో తడిగుడ్డలా తిరుగుతుంది. అట్ట అదే, మందం అదే, పోయింది ఒక్క అతుకు. మూసి ఉన్న పెట్టెకూ తెరిచిన పెట్టెకూ మెలికను తట్టుకోవడంలో ఉండే తేడా అది. పైకప్పు ఉన్న కారులో ఈ భారాన్ని స్తంభాలు, కప్పు కూడా పంచుకుంటాయి. టాప్ లేని ఎంజీబీలో మధ్యభాగాన్ని నిలబెట్టేవి ప్రధానంగా రెండు పక్కల సిల్‌లు, మధ్యలో గేర్‌బాక్స్ మీదుగా పోయే సొరంగం. అందుకే సిల్‌ను బయటి రేకు, లోపలి రేకు, రెంటి మధ్య నిలువు పలక, ఇలా మూడు పొరలుగా కట్టారు. దాని అడుగున కోట బురుజుల అంచులా గాట్లున్న పట్టీ ఒకటి ఉంటుంది. దాని పేరే క్యాజిల్ రైల్.

డిజైన్ బాగుంది. వానను, ఉప్పును లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ముందు చక్రం ఆ ఉప్పునీటి బురదను మడ్‌గార్డు లోపలికి ఎగజిమ్ముతుంది. అక్కడ అడ్డుగా పెట్టిన రేకు అంచున రబ్బరు పట్టీ కొన్నేళ్లకు ఎండి చిట్లుతుంది. బురద ఆ సందులోంచి దూరి సరిగ్గా తలుపు స్తంభం, సిల్ కలిసే మూలలో పేరుకుంటుంది. నీళ్లు పోయే రంధ్రాలు పూడుకుపోతాయి. ఇనుము తుప్పుగా మారితే అంతకు ముందుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు పొరల మధ్య మొదలైన తుప్పు స్పాట్ వెల్డింగ్ చుక్కల మధ్య రేకును పూరీలా ఉబ్బిస్తుంది. బయట రంగు మీద పొక్కు లేచేనాటికి లోపలి పలక జల్లెడ అయి ఉంటుంది.

దీనికి చౌక వైద్యం ఒకటి ఉంది. కుళ్లిన సిల్ మీదే కొత్త రేకు తొడుగు అతికించి రంగు కొట్టడం. కారు మెరుస్తుంది, అమ్మకానికి బాగుంటుంది. కుళ్లు మాత్రం కంటికి కనపడని చీకట్లో హాయిగా సాగుతుంది. దీన్ని రిపేరు అనడానికి నోరు రాదు. బ్రిటన్‌లో ఎంఓటీ అనే వార్షిక తనిఖీలో సీటు బెల్టు, సస్పెన్షన్ బిగించే చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు తీవ్రమైన తుప్పు ఉంటే బండిని ఫెయిల్ చేస్తారు.

అసలు పని నెమ్మదైనది. సిల్ కోస్తే కారు వెన్ను విరిచినట్టే, మధ్యలో కుంగిపోతుంది. జాకీ ఎత్తినప్పుడు తలుపు బిగుసుకుపోతే ఆ కుంగుడు ఇప్పటికే మొదలైందన్నమాట. కాబట్టి ముందు బండిని ఇరుసుల బరువు పడే చోట్ల స్టాండ్ల మీద సమంగా నిలుపుతారు. తలుపు ద్వారానికి అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డ్ చేస్తారు. ఒకేసారి రెండు పక్కలు కోయరు. ముందు మడ్‌గార్డు బోల్టులతో ఉంటుంది గనుక ఊడదీయవచ్చు. వెనకది వెల్డింగ్‌తో కలిసిపోయి ఉంటుంది, దాని కింది ముక్కను కోయాల్సిందే. ఎందుకంటే సిల్ కంటికి కనిపించే చోట ఆగదు, రెండు మడ్‌గార్డుల లోపలికీ పోతుంది.

పాత స్పాట్ వెల్డింగ్ చుక్కలను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలుస్తారు. కొత్త పొరలను క్లాంపులతో పట్టి నిలిపి, వెల్డ్ చేసే ముందు తలుపు బిగించి మూస్తారు. తలుపు చుట్టూ సందు పైనా కిందా ఒకేలా ఉందా? కింద వెడల్పై పైన ఇరుకైతే నడుము ఇంకా కుంగే ఉంది. క్లాంపులు విప్పి, సరిచేసి, మళ్లీ మూస్తారు. ఒక సాయంత్రమంతా ఈ తలుపు ఆటకే పోయినా ఆశ్చర్యం లేదు. వెల్డింగ్ కూడా ఒక కొస నుంచి మరో కొసకు గీత గీసినట్టు సాగదు. ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క పెడుతూ మధ్యలో చల్లారనివ్వాలి. లేకపోతే పల్చటి రేకు వేడికి అప్పడంలా వంకర తిరుగుతుంది.

ఇన్ని అతుకులు వేసే బదులు బాడీయే కొత్తది దొరికితే? 1988లో అదే జరిగింది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ, డేవిడ్ బిషప్ నాయకత్వంలో, పాత ప్రెస్ అచ్చులను పోగుచేసి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఫారింగ్డన్‌లో ఎంజీబీ బాడీలను మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ మూతపడిన 8 ఏళ్లకు! పాత కారులోని ఇంజను, గేర్‌బాక్స్, సీట్లు విప్పి ఈ కొత్త బాడీ షెల్‌లో బిగించుకోవచ్చు. ఈ బాడీయే పునాదిగా 1992లో రోవర్ కంపెనీ ఎంజీ ఆర్‌వీ8 అనే కొత్త కారునే దింపింది. సుమారు 2000 తయారైతే చాలా భాగం జపాన్ కొనుక్కుంది.

బాడీ మొత్తం మారిస్తే అది పాత కారేనా? బ్రిటన్ రవాణా శాఖ దీన్ని తాత్విక చర్చకు వదలకుండా మార్కులు వేసింది. 2025 దాకా, పాత నంబరు నిలవాలంటే కనీసం 8 మార్కులు రావాల్సి ఉండేది. అసలు బాడీకి గానీ, అదే నమూనాలో తయారీదారు నుంచి వచ్చిన కొత్త బాడీకి గానీ 5. సస్పెన్షన్, స్టీరింగ్, ఇరుసులు, గేర్‌బాక్స్‌లకు తలా 2. అందరూ కారు గుండె అనుకునే ఇంజనుకు ఒక్కటంటే ఒక్కటే.

పాత అచ్చుల్లోంచి వచ్చిన కొత్త షెల్‌లో పాత కొలతలన్నీ ఉన్నాయి, ముందు చక్రం వెనక బురద పేరుకునే ఆ మూలతో సహా. అందుకే షెల్ కొన్నవాళ్లు రంగు ఆరగానే సన్నని గొట్టం తీసుకుని, సిల్ లోపలికి మైనం పిచికారీ చేస్తారు. అది కింది రంధ్రాల్లోంచి చుక్కలు చుక్కలుగా కారే దాకా పోసి, రంధ్రాలు పూడకుండా పుల్లతో పొడిచి చూస్తారు.