పాట వినబడుతోంది, మాట తెలియడం లేదు



అల్లవరము పరిసరాలలో మేము తరచుగా దర్శించే కుటుంబములలో ఒకరింట ఈ మధ్య ఒక చిన్న తగవు వచ్చింది. తగవు పొలము గట్టు గురించి కాదు, కొబ్బరి చెట్ల గురించి కాదు; పాటలు వినే బాక్సుల గురించి. కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్న కుమారుడు సెలవుకు వచ్చి, తల్లి పాటలు వింటుంది గదా అని ఒక ఆంప్లిఫయరు, రెండు పెద్ద బాక్సులు కొన్నాడు. వారము తిరగకుండానే ఆ తల్లి వాటిని కట్టేయమనడం మొదలుపెట్టింది. కొడుకు నొచ్చుకున్నాడు. ఇవి చాలడం లేదేమో, దరువు పలికే సబ్ వూఫరు కూడా కొందామని పద్దెనిమిది వేల రూపాయలు తీసిపెట్టాడు. తిరిగి విమానము ఎక్కడానికి పది రోజులే ఉంది.

మేము ప్రార్థనకు వెళ్లిన సాయంత్రము మామ్మగారు మాతో ఇలా చెప్పారు: "పాట వినబడతందండి అయ్యగారూ, మాటే తెలియట్లేదు. గుండెల మీద దబదబా కొడతంది. పాత పెంకుటింట్లో బుల్లి రేడియోలో ప్రతి మాటా తెలిసేదండి, ఆయ్."

"మామ్మకి చెవుడొచ్చేసిందండి" అన్నాడు మనుమడు. కోడలు నవ్వింది. మేము నవ్వలేదు. అదే ఫిర్యాదును మా ఆరాధనలో వెనుక చాపల మీద కూర్చునే వృద్ధుల నోట ఎన్నోసార్లు విని, వైర్లు, బాక్సులు చాలాకాలము అటూ ఇటూ జరిపి చూసినవారము గనుక, ముందు ఆ గదిని ఒకసారి చూడనివ్వమని అడిగాము.

గది కొత్త డాబాలోనిది. పొడవు 12 అడుగులు, వెడల్పు 12 అడుగులు. పైన శ్లాబు, కింద నున్నని టైల్సు, గోడలకు పుట్టీ పెట్టి రంగు వేశారు. ఒక బాక్సు బీరువా మీద, రెండవది ఎదుటి మూలలో అటక మీద, రెండూ కప్పుకు జానెడు దూరములో ఉన్నాయి. పిల్లల చేతికి అందకూడదని అక్కడ పెట్టారట. మామ్మగారి మంచము వెనుక గోడ మూలకు నెట్టి ఉంది. గది మధ్య నిలబడి ఒక్క చప్పట కొట్టాము. "టంగ్" మని సాగింది. జబ్బు సగము అక్కడే తెలిసిపోయింది.

పాత రేడియో సంగతి మామ్మగారు చెప్పింది అబద్ధము కాదు. 1970 నుండి 2003 వరకు ఫెబా వారి షార్ట్‌వేవ్ ప్రసారములు సీషెల్స్ దీవుల నుండి హిందూ మహాసముద్రము దాటి వచ్చేవి. వాటిని చిన్న రేడియోలో విన్నవారు మన సంఘములలో ఇంకా ఉన్నారు. ఖర్రుమన్నా, అలలు అలలుగా తగ్గి హెచ్చినా మాట తెలిసేది. కారణము, ఆ బుల్లి స్పీకరుకు లోతైన దరువు పలికే శక్తే లేదు. మనిషి గొంతు ఉండే నడిమి స్వరాలనే పలికేది. పైగా ఆ ఇల్లు పెంకుటిల్లు. పెంకుల సందులలో నుండి, మండువా నడిమి ఖాళీలో నుండి శబ్దము బయటికి పోయేది. తాటాకు ఇల్లయితే ఆకు కప్పే కొంత మింగేసేది. శ్లాబు, టైల్సు అలా మింగవు. వచ్చిన శబ్దమును వచ్చినట్టే తిప్పికొడతాయి. ఒక మాట తోక ఆరక ముందే రెండవ మాట వచ్చి దాని మీద పడుతుంది.

ఈ సంగతిని మొదట కొలిచి చూపినవాడు అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు యువ ఆచార్యుడు వాలెస్ సాబిన్. అక్కడ ఫాగ్ మ్యూజియములో కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో ఎవరేమి మాట్లాడినా అర్థమయ్యేది కాదు. ఒక మాట పలికితే అయిదు సెకన్లకు పైగా మ్రోగుతూనే ఉండేది. 1895లో ఆ చిక్కు ఆయనకు అప్పగించారు. ఆయన ప్రక్కనున్న శాండర్స్ థియేటరు కుర్చీల మెత్తలను రాత్రివేళ మోయించి తెచ్చి, శాలలో పరిపించి, ఒక ఆర్గన్ గొట్టమును ఊది, శబ్దము ఎంతసేపటికి ఆరిపోతుందో స్టాప్‌వాచితో చూశాడు. మెత్తలు పెంచినకొద్దీ మ్రోత తగ్గింది. తెల్లవారేలోగా మెత్తలు మరల వాటి స్థానములో ఉండాలి! గదుల శబ్దశాస్త్రమంతా ఆ మెత్తల మోతలో నుండి పుట్టింది. మన ఇంటిలో మెత్తలు లేకపోయినా బొంతలు, పరుపులు, దుప్పట్లు ఉన్నాయి. కోనసీమలో కొబ్బరి పీచు చాపలకు కొదువా?

అయితే బొంతలు, చాపలు పై స్వరాల మ్రోతను తగ్గిస్తాయి గాని దరువును ఏమీ చేయలేవు. దాని కథ వేరు. మన ఎండకు శబ్దము సెకనుకు సుమారు 1,140 అడుగులు పోతుంది. సెకనుకు 47, 48 సార్లు కంపించే లోతైన దరువు అల ఒక్కొక్కటి 24 అడుగుల పొడవు. సరిగ్గా దానిలో సగము, 12 అడుగులు, ఆ గది పొడవు. అటువంటి అల రెండు గోడల మధ్య చిక్కుకొని, గోడల దగ్గర బలముగాను, గది మధ్యలో బలహీనముగాను నిలబడిపోతుంది. గది వెడల్పు కూడా 12 అడుగులే గనుక అదే స్వరము రెండు దిక్కులా రెట్టించింది. చదరపు గది చూపుకు ముచ్చటగా ఉంటుంది, చెవికి కాదు. ఇల్లు కట్టుకోబోవువారు పాటలు వినే గదిని 12 అడుగులకు 15 అడుగులుగా వేయించుకుంటే ఆ చిక్కు కొంత తగ్గుతుంది.

మరి బాక్సును మూలలో పెట్టితే ఏమవుతుంది? రెండు గోడలు, కప్పు కలిసి దరువును ఇంకా ఎగదోస్తాయి. వినే మనిషి ఎదుటి మూలలో గోడకు తల ఆనించి పడుకుంటే ఆ దరువంతా ఆ తల మీదనే. మామ్మగారి మంచము ఉన్నది అక్కడే.

ఇక మాట ఎందుకు తెలియలేదు? అ, ఆ, ఓ వంటి అచ్చుల బలము కింది స్వరాలలో ఉంటుంది. స, శ, త, చ, ప వంటి హల్లులను గుర్తుపట్టేది చాలవరకు పై స్వరాలతో, అనగా సెకనుకు 2,000 కంపనములకు పైబడిన వాటితో. వయస్సు మీద పడినప్పుడు చెవి ముందుగా పోగొట్టుకొనేది వీటినే. ఈ పై స్వరాలను బాక్సులోని చిన్న స్పీకరు, ట్వీటరు అంటారు, టార్చిలైటు వలె ఎదుటికి వేస్తుంది. బాక్సు బీరువా మీద ఉంటే ఆ వెలుగు మామ్మగారి తల మీదుగా పోయి గోడకు తగిలింది. అందుకే పాట ఉంది, దరువు ఉంది, హల్లులు లేవు. మనుమడు చెవుడన్నది కొంత నిజమే అయినా, అతడు ఆంప్లిఫయరు మీద బాస్ మీట చివరికంటా తిప్పిపెట్టి, లౌడ్‌నెస్ మీట కూడా నొక్కి ఉంచాడు. మనము చిన్నవారిని అప్పుడప్పుడు ఇలా పట్టుకోవలసిందే.

ఆ సాయంత్రము చేసినది ఇంతే. బాక్సులను దింపి, అడుగున్నర ఎత్తుగల రెండు స్టూళ్ల మీద పెట్టాము. ట్వీటరు మంచము మీద కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు, సుమారు మూడున్నర అడుగులకు వచ్చింది. చాప మీద కూర్చుని వినే ఇంటిలో ఇంకా దించాలి. వెనుక గోడకు అడుగున్నర ఎడము, ప్రక్క గోడలకు రెండున్నర అడుగులు. రెండు బాక్సుల మధ్య ఏడు అడుగులు. మంచమును మూలలో నుండి లాగి, వెనుక మూడు అడుగుల ఖాళీ విడిచి, రెండు బాక్సులకు సమానముగా ఏడేసి అడుగుల దూరములో వేశాము. బాక్సులు రెండూ మామ్మగారి వైపు కొంచెము తిరిగి చూస్తున్నాయి. బాస్ మీట నడుమకు తెచ్చాము. మంచము ముందు ఒక పీచు చాప, వెనుక గోడకు ఒక బొంత.

మూడు మూలలూ సమానమైన ఈ త్రికోణము మేము కల్పించినది కాదు. రెండు స్పీకర్లతో స్టీరియో వినిపించే పద్ధతిని ఇంగ్లాండులో అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంజనీరు 1931లో పేటెంటుకు పెట్టాడు. సినిమాలో మనిషి తెరకు ఒక ప్రక్కన నడుస్తుంటే మాట మరొక చోట నుండి రావడం ఆయనకు నచ్చలేదట. రెండు బాక్సులు సమాన దూరములో ఉంటే గాయకుని గొంతు వాటి నడిమి నుండి, అక్కడ ఏమీ లేకపోయినా, వచ్చినట్టు తోస్తుంది. ఒకటి దగ్గరగా ఉంటే గొంతు దాని వైపుకు జారిపోతుంది.

పాట పెట్టాము. మొదటి చరణము అయ్యేవరకు ఎవరూ మాట్లాడలేదు. తరువాత మామ్మగారు "కొంచెం తగ్గించండి" అన్నారు. కొడుకు మొహము వాడిపోయింది. "కాదురా, ఇప్పుడు తగ్గించినా తెలుస్తంది" అన్నారావిడ.

కోడలికి మాత్రము ఇది నచ్చలేదు. నడిచే దారిలో స్టూళ్లేమిటి అన్నది, న్యాయమే. టైల్సు మీద నాలుగు చోట్ల పెయింటు చుక్కలు పెట్టించాము: వినేటప్పుడు చుక్కల మీదికి, తరువాత గోడ దగ్గరికి.

మరి కొత్తగా కొనబోవువారి సంగతి. పెట్టె మీద వేల వాట్లు, పి.ఎం.పి.ఓ. అని వ్రాసి ఉంటే దానిని లెక్కలోనికి తీసుకోవద్దు. ఆ అంకెను కొలిచేందుకు అందరూ ఒప్పుకొన్న పద్ధతి లేదు. ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్ని అని అడగండి. వాట్లు రెట్టింపయితే శబ్దము పెరిగేది మూడు డెసిబెల్సే, చెవికి కొద్దిపాటి తేడా. రెట్టింపు గట్టిగా తోచాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. ఇంటి గదిలో మామూలుగా వినడానికి ఒకటి రెండు వాట్లు కూడా ఎక్కువే. బాక్సు సెన్సిటివిటీ 87 డెసిబెల్సు బదులు 90 అయితే సగము వాట్లతోనే అంత శబ్దము ఇస్తుంది. ఓమ్స్ అంకె ఆంప్లిఫయరు వెనుక వ్రాసిన దానికి సరిపోవాలి. ఎనిమిది ఓములు అన్నచోట నాలుగు ఓముల బాక్సు తగిలిస్తే ఆంప్లిఫయరు వేడెక్కి కాలిపోవచ్చు.

అన్నిటికంటె ముఖ్యము, మీకు ప్రతి మాట తెలిసిన పాటను ఫోనులో పెట్టుకొని దుకాణమునకు వెళ్లండి. దుకాణము వారు పెట్టే దరువు పాటను విని మోసపోకండి. శబ్దము తగ్గించి, గొంతు మాత్రమే వినండి. ఎవరి కొరకు కొంటున్నారో ఆ మనిషిని తీసుకొని వెళ్లండి. కొబ్బరికాయను గోటితో మీటి చూసినట్టే బాక్సు ప్రక్కను వేలి కణుపుతో కొట్టి చూడండి. డొల్లగా మ్రోగితే పాటలో కూడా ఆ డొల్లతనము వినబడుతుంది. బరువైన చెక్క బాక్సు మేలు. అయితే ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా పొట్టు అదిమి చేసిన చెక్కవి. తడి తగిలితే ఉబ్బుతాయి. వర్షాలలో నేల చెమర్చే మన ఇండ్లలో వాటిని నేల మీద పెట్టరాదు.

సముద్రము దగ్గరివారికి మరొక మాట. ఓడలరేవు, కొమరగిరిపట్నము వైపు ఉప్పుగాలికి వైరు కొసల రాగి పచ్చబడుతుంది. ఏడాదికి రెండుసార్లు కొసను కోసి, కొత్త రాగిని బిగించండి. స్పీకరు చుట్టూ ఉండే మెత్తని అంచు నురుగు రబ్బరుదయితే వేడికి, తేమకు కొన్నేండ్లలో పొడి అయి రాలిపోతుంది. మామూలు రబ్బరు అంచు ఎక్కువకాలము నిలుస్తుంది. బాక్సు వెనుక రంధ్రముంటే సన్నని వల కట్టండి. మా ఇంటిలో ఎలుక లోపల కాపురము పెట్టిన తరువాత మేము నేర్చుకున్న పాఠమిది.

మా ఇంటిలో మరొకటి కూడా జరిగింది, చెప్పుకోవడానికి సిగ్గే. ఒక క్రిస్మసుకు ముందు సున్నాలు వేయించి, వైర్లు మేమే మరల బిగించాము. అప్పటి నుండి దరువు పలచబడింది. గొంతు నడుమ నిలవక గదంతా చెదిరిపోయింది. సెట్టు పాడైందని అయిదు నెలలు సణిగాము. చివరకు చూస్తే ఒక బాక్సులో ఎర్ర కొస నల్ల రంధ్రములో ఉంది. ఒక స్పీకరు ముందుకు నెట్టినప్పుడు రెండవది వెనుకకు లాగుతూ ఒకదానినొకటి కొట్టివేస్తున్నాయి. మీ ఇంటిలో అనుమానముంటే రెండు బాక్సులను ఎదురెదురుగా దగ్గరకు చేర్చి వినండి. దరువు మాయమైతే ఒకదాని వైర్లు మార్చండి.

సబ్ వూఫరు కొనలేదు. ఆ సొమ్ములో కొంతతో మామ్మగారిని కాకినాడలో చెవుల డాక్టరుకు చూపించారు. రెండు చెవులలోను పై స్వరాలు తగ్గాయన్నారు. మిషను పెట్టుకోవడానికి ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. కొడుకు కువైట్ నుండి ఫోను చేసినప్పుడల్లా బ్రతిమాలుతున్నాడు.

మొన్న వెళ్లినప్పుడు మంచము చుక్కల మీదనే ఉంది. మామ్మగారు ఖాళీ చేసిన వెనుక మూలలో మనుమడు చాప వేసుకొని గోడకు తల ఆనించి కూర్చున్నాడు. మీట ముట్టుకోకుండానే అతనికి కావలసిన దరువు అక్కడ దొరుకుతోందట.